కుడిపక్క బ్రేకు

డ్రైవింగ్ నేర్పే పనిలోకి కొత్తగా వచ్చిన అమ్మాయిలు అప్పుడప్పుడు నన్ను చూడటానికి వస్తుంటారు. కూర్చోగానే అడిగే మొదటి ప్రశ్న, "దుబాయ్‌లో ఎంతమందికి లైసెన్సులు ఇప్పించారు మేడమ్?" అని. నిజానికి నేను పనిచేసింది షార్జాలో. మన వైపు వాళ్ళకు ఆ దేశమంతా దుబాయే కాబట్టి నేనూ దిద్దను. ఎంతమందికో నేను లెక్కపెట్టుకోలేదు. ఒకామెకు మాత్రం రావలసిన రోజు కంటే ముందే లైసెన్సు వచ్చింది. అది నా వల్ల వచ్చింది. ఈ పని చేయబోయేవాళ్ళు వినవలసింది ఆమె సంగతే.

పెళ్ళయ్యాక నెల్లూరు నుంచి షార్జా వెళ్ళాను. మా ఆయన దుబాయ్‌లో డేరా అనే పేటలో ఒక ఇనుప సామాన్ల దుకాణంలో పనిచేసేవారు. అద్దెలు తక్కువని మేము షార్జాలో ఉండేవాళ్ళం. 2003లో ఒక డ్రైవింగ్ స్కూలు వాళ్ళు, ఆడవాళ్ళకు నేర్పడానికి ఆడవాళ్ళు కావాలనీ, హిందీ వస్తే చాలనీ చెప్పారని తెలిసి వెళ్ళాను. అప్పటికి నా చేతికి లైసెన్సు వచ్చి రెండేళ్ళు. నాకు కొన్ని నెలలు శిక్షణ ఇచ్చి, ఒక చిన్న తెల్లకారు అప్పగించారు.

అక్కడ స్టీరింగ్ ఎడమవైపు ఉంటుంది. నేర్చుకునేవాళ్ళు ఎడమ సీట్లో, నేర్పేవాళ్ళు కుడి సీట్లో. మా కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. ప్రమాదం ముంచుకొచ్చినప్పుడు నొక్కడానికి పెట్టిన బ్రేకు అది.

చేరిన రెండో నెలలోనే ఒక సూడాన్ ఆమె మలుపులో కారును తీసుకుపోయి దీపస్తంభానికి కొట్టింది. ఎవరికీ ఏమీ కాలేదు. బంపరు సొట్టపోయింది, అంతే. కానీ ఆ చప్పుడు నా చెవుల్లోంచి చాలా రోజులు పోలేదు. ఆ రోజు నుంచి నా కుడికాలు ఆ బ్రేకు మీదే కాపురం పెట్టింది. పోనుపోను దాన్ని ఎంత మెత్తగా నొక్కడం నేర్చానంటే, పక్కన నడిపేవాళ్ళకు నేను నొక్కినట్టే తెలిసేది కాదు. కారు తనంతట తానే బుద్ధిగా నెమ్మదించినట్టుండేది. నా దగ్గర నేర్చుకునేవాళ్ళకు భయం తొందరగా పోతుందని స్కూల్లో పేరొచ్చింది. దాన్ని నా పనితనం అనుకున్నాను.

2005లో ఆమె వచ్చింది. ముప్పై అయిదేళ్ళుంటాయి. కడప జిల్లా మనిషి. షార్జాలో ఒక అరబ్బుల ఇంట్లో తొమ్మిదేళ్ళుగా వంట చేస్తోంది. ఇంటి యజమానురాలు తనే స్వయంగా తీసుకొచ్చి చేర్పించింది. ఆ ఇంట్లో ఒక పెద్దావిడ ఉంది, యజమానురాలి అత్తగారు. మూత్రపిండాలు చెడిపోయి, వారానికి మూడుసార్లు ఆసుపత్రికి పోయి మిషన్ మీద రక్తం శుభ్రం చేయించుకోవాలి. ఎన్నో ఏళ్ళుగా ఉన్న డ్రైవరు పని మానేసి తన దేశం పోయాడు. కొత్త మగమనిషి నడిపే బండి ఎక్కనని పెద్దావిడ మొండికేసింది.

"ఆ ముసలామెకు నేను తప్ప ఎవురూ పట్టరక్కా," అంది మొదటి రోజు, నేను తెలుగుదాన్నని తెలియగానే. "అందుకే నన్నే నేర్చుకోమన్నారు. నాకు అచ్చరం ముక్క రాదు. ఈ బండి నాకొస్తాదంటావా?"

"చదువుకూ బండికీ ఏం సంబంధం లేదులేమ్మా. కళ్ళుండాయి, చేతులుండాయి. చాలు," అన్నాను.

గుర్తుల పరీక్షకు ఆమె పుస్తకం తెరవలేదు. బొమ్మలు చూపించి నేను ఒకసారి చెప్పాను. దారిచ్చి పొమ్మనే తలకిందుల త్రిభుజానికి "బోర్లించిన సమోసా" అని పేరు పెట్టుకుంది. పరీక్ష నోటితోనే. ఆమె ఉర్దూలో కాకుండా నేరుగా వంటింటి అరబీలో గడగడా జవాబులు చెప్పేసరికి పోలీసావిడ నవ్వు ఆపుకోలేక మొదటిసారే పాస్ చేసింది.

రోడ్డు మీద కూడా తొందరగానే కుదురుకుంది. చేయి స్థిరం. లైన్ తప్పదు. ఒక్క రౌండబౌట్లతోనే ఇబ్బంది. షార్జాలో అడుగడుక్కీ రౌండబౌట్లే, కూడలి మధ్య గుండ్రటి దిమ్మె చుట్టూ తిరిగి పోయే దారులు. అందులో ఎడమవైపు నుంచి తిరిగొచ్చే బండిదే హక్కు. మనం ఆగి, చూసి, సందు దొరికాక దూరాలి. ఆమె చూసేది, కానీ చూసి ఆలోచించుకునేలోపే నా కాలు బ్రేకు నొక్కేసేది. కారు నెమ్మదించేది. ఎడమవైపు బండి దాటిపోయేది. "శభాష్, బాగా ఆపావు," అనేదాన్ని నేను. ఆపింది నేనేనని నాకు గుర్తుండేదే కాదు. అంతలా అలవాటైపోయింది.

మా స్కూల్లో కరాచీ నుంచి వచ్చిన ఒక పెద్దామె ఉండేది. మా అందరికంటే ముందు నుంచీ నేర్పుతోంది. అందరం బాజీ, అంటే అక్కా, అని పిలిచేవాళ్ళం. మాట కటువు. ఆమె విద్యార్థినులు రోజూ ఎవరో ఒకరు ఏడుస్తూ దిగేవాళ్ళు. ఒకసారి తన కారు మరమ్మతుకు పోయి, మా కారులో వెనక సీట్లో స్కూలు దాకా వచ్చింది. దారిలో మూడు రౌండబౌట్లు. కడప ఆమె దిగి వెళ్ళిపోయాక నన్ను ఆపింది.

"తేరా పావ్ బహుత్ మెహర్బాన్ హై," అంది. నీ కాలికి దయ మరీ ఎక్కువ అని. "గాడీ వో నహీఁ చలా రహీ. తేరా పావ్ చలా రహా హై." బండి నడిపేది ఆమె కాదు, నీ కాలు అని.

"ఆమె భయస్థురాలు బాజీ. మెల్లగా మానేస్తాలే," అన్నాను.

"భయం ఆమెకా, నీకా?" అని వెళ్ళిపోయింది.

నాకు కోపం వచ్చింది. పిల్లల్ని ఏడిపించి నేర్పే మనిషి నాకు చెప్పొచ్చిందనుకున్నాను.

కడప ఆమె మొదటి రోడ్ టెస్ట్‌లో తప్పింది. పరీక్ష పెట్టే పోలీసావిడ కుడిపక్క కూర్చుంటుంది, వంతు కోసం ఎదురుచూసే ఆడవాళ్ళు వెనక. నేర్పేవాళ్ళకు ఆ కారులోకి ప్రవేశం లేదు. తప్పడానికి కారణం కాగితంలో రాశారు: రౌండబౌట్ దగ్గర బ్రేకు పరీక్షాధికారి వేయాల్సి వచ్చింది. రెండోసారీ అదే కారణం, అదే మాట. ఆ రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి చూసినా నాకు తట్టలేదు. పోలీసు బట్టలు చూసి బెదిరిందని సరిపెట్టుకున్నాను. ఇంకా పది క్లాసులు చెప్పాను. పదింటిలోనూ నా కాలు తన పని తను చేసుకుపోయింది.

ఈలోపు యజమానురాలు ఫోన్ చేసింది. ఈసారి కూడా రాకపోతే ఖలాస్, నడపడం వచ్చిన మనిషిని వేరే దేశం నుంచి తెప్పించుకుంటామంది. అంటే ఈమె ఇంటికి పోవాల్సిందే. పాత డ్రైవరు పోయాక, వంటకు ఒకరికీ బండికి ఒకరికీ జీతాలివ్వడం వాళ్ళకు ఇష్టం లేదు.

మూడో టెస్ట్ రోజు రౌండబౌట్ దగ్గర బండ్లు బారులు తీరి ఉన్నాయట. ముందు బండి ఆగితే వెనక ఆగింది, అది కదిలితే కదిలింది. ఎడమవైపు చూసి తనంతట తాను ఆగాల్సిన అవసరమే రాలేదు. పాసైంది.

లైసెన్సు చేతికొచ్చిన రోజు స్కూలుకు వచ్చింది. గోధుమలూ మాంసమూ కలిపి మెత్తగా ఉడికించే అరబ్బుల ఇంటి హరీస్ పెద్ద గిన్నె నిండా తెచ్చి అందరికీ పెట్టింది. తర్వాత నన్ను పక్కకు పిలిచి ఆ కార్డు చూపించింది.

"నా ఫోటో పక్కన ఉండేది నా పేరేనా అక్కా? చదువు."

చదివాను.

"ఇంగోసారి చదువు."

మళ్ళీ చదివాను. కార్డును చీర కొంగుతో తుడిచి, చిన్న పర్సులో పెట్టి, జిప్పు వేసుకుంది. "మా ఇంట్లో ఎవురికీ ఇట్లాంటిది లేదు. మా నాయనకు రేషన్ కార్డు మీద వేలిముద్రే," అంది.

ఇరవై రోజులైందో లేదో, పొద్దున్నే నేను క్లాసులో ఉండగా యజమానురాలి ఫోన్ వచ్చింది. ఆసుపత్రికి పోయే దారిలో ప్రమాదం. పెద్దావిడకు ఏమీ కాలేదు. కానీ రౌండబౌట్‌లో తిరుగుతున్న ఒక సైకిల్ మనిషిని బండి కొట్టింది. ఆమె పోలీస్ స్టేషన్లో ఉంది. "నీ భాష మనిషే కదా, వెళ్ళి మాట్లాడు, ఏడుస్తూనే ఉంది," అంది.

వెళ్ళాను. ఆడవాళ్ళను ఉంచే గదిలో గోడకు ఆనుకుని కూర్చుంది. నన్ను చూడగానే లేచి రెండు చేతులూ పట్టుకుంది.

"బతుకుతాడంటనా అక్కా?"

"బతుకుతాడు. తొడ ఎముక విరిగిందంట. తలకేం కాలేదు."

నా చేతులు వదిలి కళ్ళు తుడుచుకుంది. తర్వాత గొంతు తగ్గించి అడిగింది. "అక్కా, వాళ్ళ బండికి ఏమో రోగముంది. పోలీసోళ్ళకు నువ్వన్నా చెప్పు. మన ఇస్కూలు బండి ఆడికొచ్చేతలికి దానంతటదే నిదానమయ్యేది గదా? ఇది కాలేదక్కా. నేను దాని కోసమే చూస్తాన్యా. కాలేదు. నేను తొక్కేతలికి ఆ మనిషి ముందరున్యాడు."

 ఆమె నన్ను నిందించడం లేదు. నిజంగా అలాగే అనుకుంటోంది. కుడిపక్క కూడా ఒక బ్రేకు ఉంటుందని మొదటి రోజు చెప్పాను. కానీ దాన్ని నేను నొక్కుతున్నట్టు ఒక్కసారి కూడా తెలియనివ్వలేదు కదా.

ఆ నిమిషంలో చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. "చూద్దాంలే, బాధపడబాక," అని వచ్చేశాను.

బండిని పరీక్షించి లోపమేమీ లేదని పోలీసులు తేల్చారు. గాయపడినవాడికి ప్రాణాపాయం లేదని ఆసుపత్రి నుంచి కాగితం వచ్చాక, నాలుగో రోజున, పాస్‌పోర్టు ఉంచుకుని ఆమెను వదిలారు. లైసెన్సు ఆరు నెలలు ఆపేశారు.

ఆ నాలుగు రోజుల్లో నేను ఒకసారి ఆసుపత్రికి వెళ్ళాను. సైకిల్ మనిషి బంగ్లాదేశ్ వాడు, ఇస్త్రీ దుకాణంలో పనిచేసేవాడు. కాలికి బరువు కట్టి పడుకోబెట్టారు. నేనెవరో చెప్పే ధైర్యం లేక, నడిపిన ఆమె తరఫు బంధువునన్నాను.

"ఆ దీదీకి జైలా?" అని అడిగాడు హిందీలో.

"వదిలేస్తారంటున్నారు."

"అచ్ఛా హై," అని, కొంచెం ఆగి, "నా సైకిల్ ఎక్కడుంది? అది మా సేఠ్‌ది," అన్నాడు.

స్టేషన్లో అడిగాను, ప్రమాదం జరిగిన చోట వెతికాను. సైకిల్ దొరకలేదు. మళ్ళీ వెళ్ళేసరికి అతన్ని వేరే ఆసుపత్రికి మార్చారు. ఇన్సూరెన్స్ పరిహారం వచ్చిందనీ, చంకకర్రలతో తన దేశం వెళ్ళిపోయాడనీ తర్వాత విన్నాను. ఇప్పుడు ఎలా నడుస్తున్నాడో నాకు తెలియదు.

మా ముదీర్‌తో, అంటే స్కూలు మేనేజరుతో, జరిగింది చెప్పాను. చెడ్డవాడు కాదు. తలుపు మూసి, ఓపిగ్గా విన్నాడు. "లైసెన్సు ఇచ్చింది పోలీసులు. నడిపింది ఆమె. ఇందులో నీ కాలి గురించి రాసుకునే గడి ఏ కాగితంలోనూ లేదు. నువ్వు చెబితే ఎవరికి లాభం?" అన్నాడు. ఆయన చెప్పింది నిజమే. ఆ నిజాన్ని అడ్డం పెట్టుకుని నేను ఇంకో పది రోజులు గడిపాను. రోజూ కారెక్కేదాన్ని, నా కాలు ఆ బ్రేకు మీదికే పోయేది, వెనక్కి లాక్కునేదాన్ని.

చివరికి ఒక శుక్రవారం ఆ ఇంటికి వెళ్ళాను. వెనకవైపు వంటిల్లు. ఆమె నేల మీద కూర్చుని ఉల్లిపాయలు తరుగుతోంది. నేనూ ఎదురుగా కూర్చున్నాను. బండికి రోగం లేదని, స్కూలు బండి తనంతట తాను ఎప్పుడూ ఆగలేదని, ప్రతిసారీ ఆపింది నేనని చెప్పాను. తప్పు నాదని చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననే వెళ్ళాను.

ఆమె కత్తి పక్కన పెట్టింది. తరిగిన ఉల్లిపాయలన్నీ ఒక పక్కకు నెట్టింది.

"అయితే నేను పాస్ గాలేదన్నమాట," అంది.

"అది కాదమ్మా..."

"అదే గదక్కా. నేనేమో నాకొచ్చిందనుకుంటి. ఊరికి ఫోన్ చేసి మా నాయనకు చెప్తి. ఆయన పదిమందికి చెప్పుకున్యాడు." గొంతు పెరగలేదు. "మనిషిని గుద్దినందుకు నేను ఏడ్చుకుంటి, అది నా పాపమే. కానీ ఆ కార్డు ఒకటి నాదనుకుంటి. అది గూడా నీదేనంటాండావు."

 నా గుండె బరువు దించుకోవడానికి వెళ్ళి, ఆమె చేతిలో మిగిలిన ఒక్కదాన్నీ లాక్కున్నానని అప్పుడు తెలిసింది. తప్పు ఒప్పుకోవడం మంచి పనే అయినా, ఆ మంచితనంలో నా స్వార్థం ఎంతుందో వెళ్ళేముందు నేను చూసుకోలేదు.

"నువ్వు పో అక్కా, నాకు పనుంది," అని మళ్ళీ కత్తి తీసుకుంది.

ఆ ఇంటివాళ్ళు ఆమెను పంపించలేదు. పెద్దావిడ ఒప్పుకోలేదట. ఆరు నెలలూ యజమానురాలే విసుక్కుంటూ అత్తగారిని ఆసుపత్రికి తిప్పింది.

నేను పద్ధతి మార్చుకున్నాను. కారు కదిలేముందు నా కుడికాలు తీసి సీటు కిందికి మడిచి కూర్చునేదాన్ని. నిజంగా అవసరమైతే ఎడమకాలితో తొక్కేదాన్ని. ఆ కాలికి మెత్తదనం తెలియదు. కారు గట్టిగా కుదిపి ఆగేది, ఎందుకు ఆగిందో నడిపేవాళ్ళకు స్పష్టంగా తెలిసేది. నా దగ్గరా ఆడవాళ్ళు ఏడవడం మొదలైంది. ఇద్దరు ముగ్గురు వేరే టీచరు కావాలని మారిపోయారు. మీ విద్యార్థినులకు క్లాసులు ఎక్కువ పడుతున్నాయేమని ముదీర్ అడిగాడు. కరాచీ ఆమె మాత్రం ఒకరోజు టీ కప్పు తెచ్చి నా ముందు పెట్టి, ఏమీ అనకుండా వెళ్ళిపోయింది. ఆమె దగ్గర అంతకంటే మెప్పు ఎవరికీ దొరకలేదు.

లైసెన్సు తిరిగిచ్చిన వారంలో కడప ఆమె స్కూలుకు వచ్చింది. రిసెప్షన్లో నా పేరే చెప్పి అడిగిందట. నేను బయటికొచ్చి, నా కంటే బాగా నేర్పేవాళ్ళున్నారనీ, కరాచీ ఆమె దగ్గర పెట్టిస్తాననీ అన్నాను.

"నేర్పే పనేం లేదు," అంది. "పరీచ్చ పెట్టు. పోలీసామె పెట్టింది లెక్కలోకి రాదు. నువ్వు పెట్టాల. పాస్ గాకుంటే కార్డు ఆళ్ళకే ఇచ్చేసి ఊరికి పోతా."

"బండి ముట్టుకోక ఆరు నెలలైంది గదా. రెండు క్లాసులు చేసి..."

"వద్దు. ఈ పొద్దే. నీ కాళ్ళు నాకు కనపడాల."

కారెక్కాం. చెప్పులు విప్పి, రెండు కాళ్ళూ పైకి తీసుకుని సీట్లో బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. ఉద్యోగ నియమాల ప్రకారం అది తప్పు. ఎవరైనా చూస్తే ఆ రోజే నా పని పోయేది. ఇప్పుడు కొత్తవాళ్ళెవరూ నన్ను చూసి అలా చేయవద్దు. ఆ రోజు మాత్రం నాకు వేరే దారి కనిపించలేదు.

స్కూలు గేటు దాటి కుడికి తిప్పింది. ఎక్కడికని నేను చెప్పలేదు. తనే ఆసుపత్రి దారి పట్టింది. సైకిల్ మనిషిని కొట్టిన రౌండబౌట్ ఆ దారిలోనే ఉంది. అది దూరంగా కనపడింది. ఆమె పెదవులు కదులుతున్నాయి, ఏదో గొణుక్కుంటోంది. వేగం తగ్గలేదు. ఎడమవైపు నుంచి సిమెంటు లారీ ఒకటి తిరుగుతూ వస్తోంది. మడిచిన నా కాలు ఒకసారి అదిరింది. రెండు చేతులతో మోకాలు నొక్కిపట్టుకున్నాను. ఆమె తల ఎడమకు తిప్పింది, లారీని చూసింది, బ్రేకు మీద కాలు వేసింది. తెల్లగీత దగ్గర కారు ఆగింది. కుదుపుతో, మొరటుగా, నా తల ముందుకు ఊగేంతగా ఆగింది. లారీ మా ముందు నుంచి వెళ్ళిపోయింది. దాని వెనక రెండు టాక్సీలు. ఆమె ఇంకోసారి చూసింది. దారి ఖాళీ అయ్యాక కదిలించింది.

మరో ఏడెనిమిది రౌండబౌట్లు తిరిగాం. ఒకచోట ఆగాల్సిన అవసరం లేకపోయినా ఆగింది, వెనకవాడు హారన్ కొట్టాడు. ఆమె వాడి కోసం తొందరపడలేదు.  గంటకు పైగా నడిపి, స్కూలు ముందు నీడలో కారు పెట్టి, ఇంజను ఆపింది. స్టీరింగ్ మీద చేతులు అలాగే ఉంచి ముందుకు చూస్తూ కూర్చుంది. ఏం చెప్పాలో, ఎలా మొదలుపెట్టాలో నేను వెతుక్కుంటున్నాను. 

ఆమె నా మాట కోసం ఆగలేదు. తాళంచెవి తీసి నా ఒళ్ళో పెట్టింది.

"కాళ్ళు దించుకోక్కా," అంది. "తిమ్మిరెక్కింటాయి."